ఇంజను నుంచి ముక్కు దాకా

2022 అక్టోబర్ 12 రాత్రి గోవా నుంచి హైదరాబాద్ వస్తున్న స్పైస్‌జెట్ విమానం శంషాబాద్‌కి దిగుతుండగా లోపల పొగ కమ్ముకుంది. రెండు పంకాలతో నడిచే క్యూ400 రకం విమానం అది. అందులో 86 మంది ప్రయాణికులున్నారు. పొగ సీట్ల దగ్గరే కాదు, పైలట్ల గదిలోకీ వచ్చింది. పైలట్లు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. రన్‌వే ఖాళీగా ఉంచడం కోసం అటు రావాల్సిన మరో 9 విమానాలను వేరే ఊళ్లకు మళ్లించారు. విమానం క్షేమంగానే దిగింది. హడావుడిగా బయటికి వస్తున్నప్పుడు ఒకరికి కాలు గీసుకుపోయింది, అంతే.

నిప్పు లేనిదే పొగ రాదని సామెత. ఆ రాత్రి నిప్పు లేదు, పొగ మాత్రం వచ్చింది. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రాథమికంగా పరిశీలిస్తే ఇంజనుకు ఉండే ఒక బ్లీడ్ వాల్వులో ఇంజన్ ఆయిల్ కనిపించింది. అక్కడి నుంచి ఆయిల్ ఏసీ వ్యవస్థలోకి చేరి, ఆవిరై, జనం ఊపిరి పీల్చే గాలిలో కలిసింది. అదే ఏడాది జులై 2న ఢిల్లీ నుంచి జబల్‌పూర్ బయల్దేరిన ఇదే సంస్థ క్యూ400 కూడా పొగ వల్ల వెనక్కి తిరగాల్సి వచ్చింది. అందుకే డీజీసీఏ ఈసారి గట్టిగా పట్టుకుంది. నడుస్తున్న 14 క్యూ400 విమానాల్లోని 28 ఇంజన్ల నుంచీ ఆయిల్ నమూనాలు తీసి, తయారీ సంస్థ ప్రాట్ అండ్ విట్నీ కెనడాకు 15 రోజులకోసారి పంపాలంది. అంతకుముందు ఈ పరీక్ష 30 రోజులకోసారి జరిగేది. వెతకాల్సింది ఆయిల్లో కలిసిన లోహపు రజను, సీళ్ల నుంచి రాలిన కార్బన్ రేణువులు.

అయితే ఇంజన్లో ఉండాల్సిన ఆయిల్‌కి ప్రయాణికుడి ముక్కుతో ఏం పని?

పని ఉంది. విమానంలో మనం పీల్చే గాలి వచ్చేదే ఇంజన్ గుండా. 35,000 అడుగుల ఎత్తులో గాలి ఒత్తిడి నేల మీద ఉన్నదాంట్లో దాదాపు నాలుగో వంతు. చలి సున్నాకు 50 డిగ్రీలకు పైగా కింద. ఆ గాలిని ఉన్నదున్నట్టు పీలిస్తే నిమిషం లోపే మనిషికి తెలివి తప్పుతుంది. దాన్ని లోపలికి తేవాలంటే బాగా కుదించాలి, వెచ్చబెట్టాలి. ఆ రెండు పనులూ ఇంజన్ ముందు భాగంలోని కంప్రెసర్ ఎలాగూ చేస్తోంది, మంట మండించుకోవడం కోసం. పాతకాలపు ఇంజనీర్లకు ఇది ఉచితంగా దొరికిన సరుకులా కనిపించింది. కంప్రెసర్‌కి పక్కన గొట్టం తగిలించి, ఇంధనం కలవకముందే కొంత గాలిని పక్కకు లాగేశారు. దాన్నే బ్లీడ్ ఎయిర్ అంటారు. వందల డిగ్రీల వేడితో వచ్చే ఆ గాలిని విమానం పొట్టలో ఉండే 'ప్యాక్' అనే యంత్రాల్లో చల్లార్చి సీట్ల మీదికి వదులుతారు. ఎంత ఎత్తులో ఎగురుతున్నా లోపల ఒత్తిడి సుమారు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత ఉంటుంది.

ఈ ఏర్పాటుని తీసిపారేయకండి. హైదరాబాద్ అశోక్ నగర్‌లో గ్రూప్స్ పోటీ పరీక్షలకి చదివే పిల్లలు పొద్దంతా కూర్చునే స్టడీ హాల్ ఉంది కదా, మూసిన కిటికీలు, గోడకి స్ప్లిట్ ఏసీ, బల్ల బల్లకీ ఒక తల. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. మధ్యాహ్నానికి కార్బన్ డయాక్సైడ్ పేరుకుని తల బరువెక్కితే తప్పు చేతిలోని పాలిటీ పుస్తకం మీదికి పోతుంది. విమానంలో అలా కాదు. గంటకి 20 నుంచి 30 సార్లు గాలి మొత్తం మారిపోతుంది. అందులో దాదాపు సగం బయటి నుంచి కొత్తగా వచ్చేది, మిగతా సగం హెపా ఫిల్టర్లలో వడకట్టి తిప్పేది. ఫిల్టర్లు క్రిముల్ని, దుమ్మునీ ఆపుతాయి. వాయువుల్ని, ఆవిర్లని ఆపలేవు. చాలా విమానాల్లో ఇంజన్ నుంచి కొత్తగా వచ్చే గాలికి ఆ వడపోత కూడా లేదు. అది నేరుగా మన మీదికే.

ఇక ఆయిల్ సంగతి. ఇంజన్ ఇరుసు నిమిషానికి వేల సార్లు తిరుగుతుంది. దాన్ని మోసే బేరింగులు ఆయిల్లో తడుస్తూ ఉండాలి. ఆ ఆయిల్ పక్కనున్న గాలి దారిలోకి పోకుండా సీళ్లు కాపలా. సీలు అంటే మన నల్లా వాషర్‌లా గట్టిగా బిగించేదని అనుకోవద్దు. అంత వేగంతో తిరిగేదాన్ని బిగిస్తే క్షణాల్లో అరిగిపోతుంది. కాబట్టి సన్నని సందు వదిలి, బయటి వైపు గాలి ఒత్తిడి ఎక్కువగా ఉండేలా చూస్తారు. ఆ ఒత్తిడే ఆయిల్‌ని లోపలికి తోసి ఉంచుతుంది. ఇంజన్ నిలకడగా తిరిగినంతసేపూ ఇబ్బంది లేదు. స్టార్ట్ చేసినప్పుడు, టేకాఫ్‌కి శక్తి పెంచినప్పుడు, దిగడానికి శక్తి తగ్గించినప్పుడు ఆ ఒత్తిళ్ల లెక్క కాసేపు తారుమారవుతుంది. సీలు అరిగి ఉంటే అదే అదనుగా ఆయిల్ జారుతుంది. వాసన ఫిర్యాదులు ఎక్కువగా ఈ ఘట్టాల్లోనే రావడానికి కారణం ఇదే. కాలిన ఇంజన్ ఆయిల్ ఎలా ఉంటుందని విమాన సిబ్బందిని అడిగితే, దేశం ఏదైనా, చెప్పేది ఒకటే: ఉతకని సాక్సుల కంపు.

వాళ్లకి ఇంకా చాలా కంపులు తెలుసు. వైరింగ్ కాలితే ముక్కు మండించే ప్లాస్టిక్ వాసన. పక్షి ఇంజన్లోకి పోతే మాంసం మాడిన వాసన. ముందు రోజు ఓవెన్లో ఒలికిన కూర ఇవాళ వేడికి మాడితే అదొకటి. చాలాసార్లు నేరస్తుడు ఆ ఓవెనే. అసలు పొగే కాని పొగ కూడా ఒకటుంది. వానాకాలం విశాఖలోనో చెన్నైలోనో విమానం ఎక్కగానే నెత్తి మీది సందుల్లోంచి తెల్లగా పొగలాంటిది దిగుతూ ఉంటుంది. మొదటిసారి ఎక్కినవాళ్ల గుండె జారిపోతుంది. అది ఉక్కపోత గాలిలోని తేమ, ఏసీ చలికి ముత్యాలై కనిపించేది మాత్రమే. కిందికి జారుతుంది, జానెడు దూరం పోగానే మాయమవుతుంది, వాసన ఉండదు. పొగ అయితే పైకి పోతుంది, నిలిచిపోతుంది, కళ్లు మండిస్తుంది. తేడా తెలిస్తే పక్క సీటువాళ్లకి ధైర్యం చెప్పవచ్చు.

ఇక్కడ ఒక వింత. వేలాది సెన్సర్లున్న ఆధునిక విమానంలో టాయిలెట్లకి, సామాను గదులకి పొగ డిటెక్టర్లున్నాయి. పీల్చే గాలిలో ఆయిల్ ఆవిరి ఉందో లేదో చెప్పే మీటరు మాత్రం దాదాపు ఏ ప్రయాణికుల విమానంలోనూ లేదు. ఉన్న మీటరల్లా మనిషి ముక్కు. ముక్కు నమ్మకస్తుడు కాదు. ఒకే వాసనలో కొద్ది నిమిషాలుంటే అది పసిగట్టడం మానేస్తుంది. వెనుక గ్యాలీలో, అంటే విమానం వంటగదిలో, ఉన్నవాళ్లకి పోయిందనిపించిన వాసన, ముందు నుంచి అప్పుడే నడిచి వచ్చిన సహోద్యోగికి గుప్పుమంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌కైతే అసలు వాసనే లేదు. వాసన తగ్గింది కాబట్టి ప్రమాదం తగ్గిందని అనుకోవడానికి వీల్లేదు.

ముక్కు చెప్పింది నమ్మి మోసపోయిన కథ ఇంగ్లండ్‌లో ఉంది. 1989 జనవరి 8న లండన్ నుంచి బెల్‌ఫాస్ట్ వెళ్తున్న బ్రిటిష్ మిడ్‌ల్యాండ్ బోయింగ్ 737-400లో ఎడమ ఇంజన్ పంకా రెక్క ఒకటి విరిగింది. విమానం అదిరింది, పైలట్ల గదిలోకి పొగ వాసన వచ్చింది. క్యాబిన్ గాలి ప్రధానంగా కుడి ఇంజన్ నుంచి వస్తుందని పాత 737లు నడిపిన కెప్టెన్ అనుభవం. పొగ క్యాబిన్ వైపు నుంచే వస్తోందని, చెడింది కుడిదే అని అనుకున్నారు. కుడి ఇంజన్ శక్తి తగ్గించారు. అదే సమయంలో, ఇంజన్ శక్తిని తనంతట తాను సర్దే ఆటోథ్రాటిల్‌ని ఆపేయడం వల్ల దెబ్బతిన్న ఎడమ ఇంజన్‌కి ఇంధనం తగ్గి అది కాస్త కుదుటపడింది. అదురు తగ్గింది, వాసన తగ్గింది. రోగం కుదిరినట్టే ఉంది కదా! బాగున్న కుడి ఇంజన్‌ని పూర్తిగా ఆపేశారు. దిగే ముందు ఎడమ దానికి శక్తి పెంచగానే అది చేతులెత్తేసింది. కెగ్‌వర్త్ ఊరి దగ్గర రన్‌వేకి కాస్త ముందు హైవే గట్టును కొట్టుకుంది. ఉన్న 126 మందిలో 47 మంది చనిపోయారు. వెనుక సీట్ల ప్రయాణికులు కొందరు ఎడమ ఇంజన్ నుంచి నిప్పురవ్వలు రావడం కళ్లారా చూశారు. కుడి ఇంజన్ ఆపుతున్నామని కెప్టెన్ మైకులో చెప్తే ఇదేమిటని అనుకున్నారు కానీ ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు.

ఈ అనుభవాలన్నిటి సారం నేటి పైలట్ల చెక్‌లిస్టులో మొదటి వరుసలోనే ఉంటుంది. అది కారణం వెతకమనదు. ముందు మాస్క్ పెట్టుకోమంటుంది. పైలట్ల మాస్క్ పక్కనే పెట్టెలో ఉంటుంది, ఒక చేత్తో లాగి కొన్ని సెకన్లలో ముఖానికి తగిలించుకోవచ్చు. మీటని నూరు శాతం ఆక్సిజన్ వైపు తిప్పుతారు, పొగ దట్టంగా ఉంటే ఎమర్జెన్సీ వైపు. అప్పుడు మాస్క్ లోపల ఒత్తిడి పెరిగి బయటి గాలి చొరబడదు. కళ్లకి గాగుల్స్. తర్వాత మాస్క్‌లోని మైకుతో పక్కనున్న పైలట్‌కి వినిపిస్తోందో లేదో చూసుకోవాలి. ఇది చిన్న సంగతిలా ఉంటుంది గానీ, మాస్కుల్లో ఊపిరి చప్పుడు మధ్య మాట సరిగ్గా అందక పనులు తారుమారైన సందర్భాలున్నాయి. దిగే ఏర్పాట్లు, నేల మీది నియంత్రణ కేంద్రం ఏటీసీకి కబురు ఆ వెంటనే.

మాస్క్ ముందు ఎందుకో స్వీడన్ చెప్తుంది. 1999 నవంబర్ 12న స్టాక్‌హోం నుంచి మాల్మోకి దిగుతున్న బీఏఈ 146 విమానంలో పైలట్లిద్దరికీ కడుపులో తిప్పింది, తల తిరిగింది. కెప్టెన్ తన చేయి తను ఎత్తుకోలేని స్థితికి చేరాడు. కో-పైలట్ సమయానికి మాస్క్ పెట్టుకుని ఆక్సిజన్ పీల్చడంతో తేరుకుని విమానాన్ని దించాడు. ముప్పు ఏమిటంటే, మత్తులో పడుతున్నవాడికి తాను మత్తులో పడుతున్నట్టు తెలియదు. 'కాస్త చూసి పెట్టుకుందాం' అనుకునే బుద్ధే ముందు మసకబారుతుంది.

రెండో పాఠం గడియారానిది. 1998 సెప్టెంబర్ 2న న్యూయార్క్ నుంచి జెనీవాకి బయల్దేరిన స్విస్ ఎయిర్ 111లో సుమారు 53 నిమిషాలకి పైలట్లకి ఏదో వాసన తగిలింది. ఏసీ నుంచి వస్తోందనుకున్నారు. కెనడాలోని హాలిఫాక్స్‌కి మళ్లారు, అయితే దిగడానికి ఎత్తు ఎక్కువ ఉందని, ఇంధనం పారబోసుకోవాలని సమయం తీసుకున్నారు. అసలు మంట పైలట్ల గది కప్పు వెనుక వైర్ల దగ్గర పుట్టి, వేడి ఆపడానికి కప్పిన పొరల మీదుగా పాకుతోంది. వాసన తగిలిన 21 నిమిషాలకి విమానం సముద్రంలో పడింది. 229 మందిలో ఒక్కరూ బతకలేదు. కెనడా దర్యాప్తు సంస్థ సముద్రం అడుగున తవ్వి, ముక్కలు అతికి, నాలుగేళ్లకు పైగా దర్యాప్తు చేసి, 2003లో నివేదిక ఇచ్చింది. ఆ క్షణమే నేరుగా హాలిఫాక్స్‌కి దూకినా చేరేవాళ్లు కాదేమోనని అందులో ఉంది. కాబట్టి ఆ పైలట్లని తప్పుపట్టడం సులువైన పని, న్యాయం మాత్రం కాదు. వాళ్ల చేతిలోని పొగ చెక్‌లిస్టు పూర్తి చేయడానికే 20 నుంచి 30 నిమిషాలు పట్టేదని అదే నివేదిక లెక్కగట్టింది. గతంలో గాలిలో అంటుకున్న 15 విమానాలను పరిశీలిస్తే, మొదటి ఆనవాలు నుంచి కూలడానికి పట్టింది 5 నుంచి 35 నిమిషాలు. తర్వాత చెక్‌లిస్టుల వరుస మారింది. పొగ ఎక్కడిదో తేలకపోతే ముందు దగ్గరి విమానాశ్రయం వైపు తిరగాలి, తిరుగుతూ వెతకాలి.

పైలట్లు తలుపు వెనుక ఉంటారు, వెనుక ఏం జరుగుతోందో చూడలేరు. వాళ్ల కళ్లూ ముక్కూ క్యాబిన్ సిబ్బందే. ఇంటర్‌కామ్‌లో వాళ్లు చెప్పాల్సింది 'పొగ వస్తోంది' అని కాదు. రంగేమిటి, వాసన ఎలా ఉంది, ఏ వరుస దగ్గర, పెరుగుతోందా తగ్గుతోందా, చేత్తో తాకితే ప్యానెల్ వేడిగా ఉందా. మంట దొరికితే పనులు పంచుకుంటారు. ఒకరు మంట మీద, ఒకరు ఫోన్ దగ్గర, ఒకరు సామగ్రి అందిస్తూ, దగ్గర్లోని ప్రయాణికుల్ని జరుపుతూ. మంట మీదికి వెళ్లేవారు తల మొత్తం కప్పే పొగ ముసుగు వేసుకుంటారు. అందులో సుమారు 15 నిమిషాల ఆక్సిజన్. 2022 ఏప్రిల్ 14న దిబ్రూగఢ్ నుంచి ఢిల్లీ వస్తున్న ఇండిగో విమానంలో ఒక ప్రయాణికుడి ఫోన్ నుంచి నిప్పురవ్వలొస్తే సిబ్బందే ఆర్పారు. లిథియం బ్యాటరీతో మరో చిక్కుంది. ఎక్స్‌టింగ్విషర్ మంటని చంపుతుంది గానీ లోపలి వేడిని చంపదు, పక్క సెల్లు మళ్లీ అంటుకుంటుంది. అందుకే ఆర్పాక నీళ్లు పోస్తారు. నీళ్లు లేకపోతే కూల్‌డ్రింకైనా సరే.

ప్రయాణికులు అడిగేది ఒకటి: పొగ వస్తే మా మాస్కులు ఎందుకు కిందికి వదలరు? వదిలినా లాభం లేదు గనుక. పైనుంచి జారే పసుపు కప్పు ఒత్తిడి పడిపోయినప్పటి కోసం చేసింది. అందులో ఆక్సిజన్‌తో పాటు చుట్టూ ఉన్న గాలి కూడా కలుస్తుంది. పొగ ఉంటే పొగే కలుస్తుంది. పైగా మంట ఉన్నచోట ఆక్సిజన్ వదిలితే దానికి మేత వేసినట్టే. ప్రయాణికుడు చేయగలిగింది తల కిందికి వంచడం, తడి గుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకోవడం, నేల మీద దిగాక సంచి వదిలేసి పోవడం. తడి గుడ్డ మసినీ, కొన్ని ఘాటు వాయువుల్నీ కొంత ఆపుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే దాని మీద 200 రెట్లకు పైగా మక్కువ. పొగ నేల మీదా చంపుతుంది. గోవా విమానానికి సరిగ్గా నెల ముందు, 2022 సెప్టెంబర్ 12న, సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ అంటుకుని పొగ మెట్ల దారిన పైకెక్కింది. 8 మంది పోయారు. అశోక్ నగర్ హాస్టళ్లలో ఒకటే మెట్ల దారి ఉన్న మేడలు చూసినప్పుడల్లా నాకు విమానాన్ని చూసి కుళ్లుకోవాలనిపిస్తుంది. సగం తలుపులే తెరుచుకున్నా 90 సెకన్లలో అందరూ బయటపడగలరని చేసి చూపిస్తే గానీ పెద్ద విమానానికి ఎగిరే అనుమతి రాదు.

ఆయిల్ ఆవిరి ఒంటికి ఏం చేస్తుందన్నది వేరే తగాదా. జెట్ ఆయిల్లో అరుగుదల తగ్గించడానికి ట్రైక్రెసైల్ ఫాస్ఫేట్ కొన్ని శాతం కలుపుతారు. అది ఆర్గానోఫాస్ఫేట్ల కుటుంబం. ఆ ఇంటిపేరు మనకి కొత్త కాదు. పత్తి చేలల్లో ఏళ్ల తరబడి కొట్టిన పురుగుమందు మోనోక్రోటోఫాస్ దాని దాయాదే. అలాంటివి తాగినవాళ్లకి విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించడం వరంగల్ ఎంజీఎం డాక్టర్లకి నిత్యకృత్యం. 1930లో అమెరికాలో అల్లం సారాలో ఈ ట్రైక్రెసైల్ ఫాస్ఫేట్‌నే కల్తీ చేస్తే వేలమందికి కాళ్లు పడిపోయాయి. అప్పుడు నరాల్ని తిన్న రూపం నేటి ఆయిళ్లలో చాలా తక్కువ. 2011లో బ్రిటన్‌లోని క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం 100 ప్రయాణాల్లో గాలి కొలిస్తే ఏదీ ఉన్న ప్రమాణాలు దాటలేదు. అయితే ఆ నూరిట్లో సీలు జారి పొగ కమ్మిన ప్రయాణం ఒక్కటీ లేదు. తలనొప్పి, మతిమరుపు, చేతుల వణుకుతో ఉద్యోగం వదిలిన సిబ్బంది ఈ కొలతల్ని ఒప్పుకోరు. వాళ్లు చెప్పే జబ్బుకి వైద్యశాస్త్రం ఇంకా గుర్తింపు ఇవ్వలేదు. మామూలు రోజుల గాలిని కొలిచి చెడ్డ రోజు గాలి గురించి తీర్పు ఇవ్వలేమని నాకనిపిస్తుంది. ప్రయాణికుడిగా ఏడాదికి రెండుసార్లు ఎగిరేవాడి కంటే రోజూ ఎగిరేవాళ్లకే ఈ ప్రశ్న అవసరం.

2011లో సేవలోకి వచ్చిన బోయింగ్ 787 ఈ తగాదా పక్కనుంచి తప్పుకుంది. దానికి క్యాబిన్ గాలి ఇంజన్ నుంచి రాదు. విమానం పక్కల ఉన్న రంధ్రాల నుంచి తీసుకుని విద్యుత్ కంప్రెసర్లతో కుదిస్తారు. మిగతా విమానాలు పాత దారిలోనే ఉన్నాయి. వాటికి మిగిలిన ఆధారం విమానం దిగాక కెప్టెన్ టెక్నికల్ లాగ్ పుస్తకంలో రాసే నాలుగు వాక్యాలు. ఇంజనీరు టార్చి పట్టుకుని వచ్చేసరికి వాసన పోతుంది, ఇంజన్ చల్లారుతుంది, నేల మీద తిప్పి చూస్తే ఏమీ తేలదు. 'వాసన వచ్చింది' అని మాత్రమే రాస్తే 'పరీక్షించాం, లోపం లేదు' అని జవాబు రాసి విమానం మర్నాడు ఎగిరిపోతుంది. ఏ ఎత్తులో, శక్తి పెంచినప్పుడా తగ్గించినప్పుడా, ఏ ప్యాక్ ఆపితే తగ్గింది, ముందు సీట్లలోనా వెనుకనా అని రాస్తే ఏ ఇంజన్, ఏ సీలు విప్పాలో ఇంజనీరుకి దారి దొరుకుతుంది.